తారు పీపా రేకు

కర్నూలు పడమటి ఊళ్ల నుంచి సుగ్గికి పోయే మన మాల మాదిగ జనం బెంగుళూరులో రోడ్లేస్తారు. ఖాళీ తారు పీపాను కోసి, సాపు చేసి, ఆ రేకునే గుడిసెకు గోడగా నిలబెట్టుకుంటారు. కడప రోడ్ల పక్కనా అంతే. మా ఇంటి తలుపూ అదే. నేను మొదట కూడబలుక్కున్న ఇంగ్లీషు అక్షరాలు దానిమీద తలకిందులుగా ఉండేవి.

2006లో ఆ పీపా కళాఖండమైంది. 1957లో భద్రావతిలో పుట్టిన షీలా గౌడ మొదట చిత్రకారిణి. 1992 తర్వాత, బొంబాయి అల్లర్ల కాలంలో, రంగులు వదిలి పేడ పట్టుకున్నారు. ఆ తర్వాతవి ఈ పీపాలు. ‘డార్క్‌రూమ్’లోకి వంగి దూరాలి; కప్పుకు పొడిచిన బెజ్జాల్లోంచి వెలుతురు చుక్కల్లా మెరుస్తుంది. ‘కాగెబంగార’లో రేకులు, నీలం పసుపు టార్పాలిన్లు పలకలు పలకలుగా నిలుస్తాయి. చూస్తే నైరూప్య చిత్రమే. కాగెబంగార అంటే మన కాకిబంగారమే, అభ్రకం.

ఆమెతో నాకు పేచీ లేదు, కూలోళ్ల గుడిసెను ఆమె దాచలేదు. పేచీ యూరపు చిత్రకారుల పోలిక దగ్గరే ఆగిపోయే విమర్శతో. రేకును ముందు సాపు చేసిన చేతులెవరివి? ఏ సమ్మెటతో, ఎన్ని దెబ్బల్లో? సుగ్గి నుంచి తిరిగొచ్చినోళ్లను అడిగి రాసుకుంటున్నాను. ఇప్పుడే మొదలుపెట్టిన పని.