పాట సైజు తగ్గిన కథ

పెద్దాపురంలో మా తాతగారింటి గ్రామఫోను రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలే పాడేది. మరిడమ్మ జాతరలో నాటకాలవాళ్లు ఎంతసేపో సాగదీసే రాగం రికార్డులో కురచైపోయేది. అంటే పాటని చోటుకి తగ్గట్టు కుదించడం ఈనాటిది కాదన్నమాట.

1963లో ఫిలిప్స్ క్యాసెట్, 1982లో సీడీ వచ్చాయి. సీడీలో నిమిషం పాటకి పది ఎంబీ పడుతుంది. 1990లలో జర్మనీ ఇంజనీర్లు తెచ్చిన ఎంపీత్రీ దాన్ని ఇంచుమించు ఒక్క ఎంబీకి దించింది. పెద్ద చప్పుడు చాటున మన చెవికి ఆనని చిన్న చప్పుళ్లని తీసేస్తుందది.

ఫోన్లో చోటు చాలక అమ్మ మంగళహారతిని నేనూ బాగా కుదించి, అసలుది చెరిపేశాను. గొంతు వినిపిస్తోంది, వెనక గాజుల గలగలే మసకబారింది. తీసేసింది మళ్లీ రాదు.

సినిమా పాటలు ఎంతైనా కుదించుకోండి, మళ్లీ దొరుకుతాయి. ఇంట్లోవాళ్ల గొంతులు మాత్రం అసలు ఫైలే దాచుకోండి.