రెండు చక్రాలు, మూడు ఊళ్ళు

మా నాయనగారికి సైకిలు మీద నమ్మకముండేది. యంత్రం తగిలించిన సైకిలు మీద మాత్రం ఉండేది కాదు. మదనపల్లెలో ఆయన బడిపంతులు. ఆయన నల్లటి ర్యాలీ సైకిలు ఇంగ్లండులోని నాటింగ్‌హాములో తయారై, ఓడలో మద్రాసు చేరి, చివరకు మా మాతామహుని చేత కొనిపించబడినది. అలకపానుపు మీద కూర్చుండి అడిగి పుచ్చుకున్న వస్తువన్నమాట. ప్రతి ఉదయం బడికి బయలుదేరేముందు రెండు టైర్లనూ బొటనవ్రేలితో నొక్కి చూసేవారు. మెత్తగా తగిలితే పంపు తెచ్చి గాలి కొట్టేవారు. ఆ తరువాతనే చెప్పులు తొడగడం. ఆ సైకిలును నేను ముట్టుకోరాదు. కనుక 1954లో, నా పదవయేట, గంటకు రెండణాల అద్దె సైకిలు మీద, కడ్డీ సందులోనుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నాను. మోకాలి మీది మచ్చ ఇప్పటికీ ఉన్నది.

ఆ గాలికీ ఒక చరిత్ర ఉన్నదని నాకు చాలా కాలానికి గాని తెలియలేదు. 1817లో జర్మనీలోని మన్‌హైములో కార్ల్ డ్రైస్ అనే దొర కొయ్యతో రెండు చక్రాల బండి చేసినాడు. దానికి పెడళ్ళు లేవు. కూర్చుండి కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవలసినదే. ముందు చక్రానికి పెడళ్ళు వచ్చినది 1860ల పారిసులో. ఆ తరువాత ముందు చక్రం మనిషెత్తు పెరిగినది. దాని మీదినుంచి పడితే తల పగిలేది. రెండు చక్రాలూ దాదాపు సమానమై, వెనుక చక్రాన్ని గొలుసు త్రిప్పే నేటి రూపం 1885లో కోవెంట్రీలో స్టార్లీ చేసిన రోవరు సైకిలుతో స్థిరపడినది. అప్పటికీ చక్రాలకున్నది గట్టి రబ్బరే. రాతి బాట మీద పోతే ఎముకలు కదిలిపోయేవట. బెల్ఫాస్టులో ఉండిన డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల బండి కుదుపు లేకుండా పోవాలని రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టినాడు. 1888లో దానికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఒక తండ్రి కొడుకు సుఖం కోసం చేసిన పని అది. మా నాయనగారి బొటనవ్రేలు జ్ఞాపకం వచ్చినప్పుడల్లా ఈ సంగతి కూడా తలపుకు వస్తుంది.

1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్ స్థాపితమైన తరువాత అంబత్తూరునుంచి హెర్క్యులిస్ సైకిళ్ళు మన ఊళ్ళకు రాసాగినవి. ఇక్కడొక మాట. దక్షిణదేశంలో మనవారు ఎక్కి తిరిగిన ముఖ్యమైన బండ్లు చాలావరకు ఆంధ్రదేశంలో పుట్టినవి కావు. మనం పొట్ట చేతబట్టుకొని వచ్చి స్థిరపడిన ఈ ఊళ్ళలోనే పుట్టినవి. హైదరాబాదులో తయారైన పుష్పక్ స్కూటరు ఉన్నది గాని, ఎక్కువ కాలం నిలువలేదు. బుల్లెట్టు మద్రాసుది, జావా మైసూరుది, టి.వి.ఎస్. 50 హోసూరుది. మన వలస చరిత్ర వ్రాసేవారు వీటిని ఎందుకు వదిలివేస్తారో నాకు తెలియదు.

నేను 1964లో బెంగుళూరు వచ్చి ఫ్యాక్టరీ ఉద్యోగంలో చేరినాను. హెచ్.ఎ.ఎల్., ఐ.టి.ఐ., హెచ్.ఎం.టి., బి.ఇ.ఎల్. కూతలు కూసేవేళకు రోడ్డంతా సైకిళ్ళే. దీపం లేని సైకిలుకూ, ఇద్దరెక్కిన సైకిలుకూ పోలీసువారు జరిమానా వేసే కాలం. ఆ గుంపులో అప్పుడప్పుడు ఒక బుల్లెట్టు దడదడమంటూ పోయేది. సైకిళ్ళు తమంతట తామే ప్రక్కకు తొలగేవి.

ఇంగ్లండులో సూదులకు పేరుపడిన రెడ్డిచ్ అనే ఊళ్ళో, సూదులు చేసిన వంశంలోనుంచే రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీ పుట్టినది. 1901లో మొదటి మోటారు సైకిలు, 1932లో బుల్లెట్టు. మన సైన్యానికి సరిహద్దుల్లో తిరగడానికి ఆ బండ్లు కావలసి వచ్చినవి. 1955లో మద్రాసు మోటార్సు వారు రెడ్డిచ్‌వారితో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా పెట్టినారు. ఫ్యాక్టరీ తిరువొత్తియూరులో. త్యాగయ్యగారు త్రిపురసుందరి మీద ఐదు కృతులు తెలుగులో చెప్పిన ఊరదే. మొదట విడిభాగాలు తెచ్చి బిగించేవారు, తరువాత అన్నీ ఇక్కడనే పోతపోసినారు. రెడ్డిచ్‌లో పని ఆగిపోయినది, మద్రాసులో ఆగలేదు. 1977లో మద్రాసు బుల్లెట్టు ఇంగ్లండుకే ఎగుమతి అయినది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఆమ్మీటరు ముల్లు చూచుకొని కిక్కు కొట్టాలి, లేకపోతే కాలికి ఎదురుదెబ్బ తప్పదు. మిత్రుని బండి మీద నేనా దెబ్బ తిన్నాను. కొనడానికి మాత్రం డబ్బు చాలలేదు.

నా చేతికి వచ్చినది జావా. జానెచెక్ అనే చెక్ దేశస్థుడు 1929లో వాండరర్ అనే జర్మను కంపెనీ బండిని చేయబూని, తన పేరులోని మొదటి అక్షరాలను దాని పేరులోని మొదటి అక్షరాలతో కలిపినాడు. జా, వా. దానిని 1961లో ఇరానీ పార్సీలు మైసూరులో చేయడం మొదలుపెట్టినారు. 250 సి.సి. యంత్రం, ఒకే సిలిండరుకు రెండు పొగగొట్టాలు. కిక్కు కొట్టే కడ్డీయే ముందుకు మడిస్తే గేరు కడ్డీ అవుతుంది. పెట్రోలులో నూనె కొలిచి కలపాలి. 1973లో దాని పేరు యెజ్డీగా మారినది. 1996లో ఫ్యాక్టరీ మూతపడినది. ఇటీవల, 2018లో జావా పేరుతోనూ, 2022లో యెజ్డీ పేరుతోనూ క్రొత్త బండ్లు వచ్చినవి. అందంగానే ఉన్నవి, కాని ఆ శబ్దం లేదు.

1968లో పాత జావా ఒకటి కొన్నాను. నాయనగారికి చెప్పలేదు. "యంత్రం ఎక్కినవాడికి ఆగడం తెలియదు" అని ఆయన అనేవారు. మూడేళ్ళపాటు మదనపల్లెకు బస్సులోనే పోయినాను.

1971 డిశంబరులో ఒక సాయంత్రం తంతి వచ్చినది, నాయనకు జబ్బు, వెంటనే రమ్మని. బస్సు పోయినది. మరునాటిదాకా మరొకటి లేదు. పెట్రోలు పోయించి, నూనె సీసా సంచిలో వేసుకొని, హోస్కోట దారిన బయలుదేరినాను. మదనపల్లె నూట ఇరవై కిలోమీటర్లకు మించదు. కాని ఆ చలిలో, ఆ రోడ్డులో, ఆ గ్రుడ్డి దీపంతో అది రాత్రంతా పట్టినది. చింతామణి దాటిన తరువాత ప్లగ్గులో మసి చేరి బండి ఆగినది. అగ్గిపుల్లలు గీచుకుంటూ ప్లగ్గు విప్పి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ బిగించినాను. ఆ చీకటిలో నాకు భయం వేసినది దొంగలను గురించి కాదు.

తెల్లవారుతుండగా ఇల్లు చేరినాను. యంత్రం సందు మొదట్లోనే ఆపుదామనుకొని కూడా చేయి రాలేదు. మంచంలోనుంచి నాయన అడిగినారు:

"ఎవరిదిరా ఆ బండి?"

"నాదే నాయనా."

కొంతసేపు పలకలేదు. తరువాత, "టైర్లలో గాలి చూసుకొనే వచ్చినావా?" అన్నారు.

చూసుకొనే వచ్చినానన్నాను. అది నిజమే. ఆయన మరి రెండు దినములు ఉన్నారు. బండి సంగతి మళ్ళీ ఎత్తలేదు.

స్కూటర్ల కథ అందరికీ తెలిసినదే, క్లుప్తంగా చెబుతాను. యుద్ధంలో విమానాల ఫ్యాక్టరీ ధ్వంసమైన ఇటలీవారు 1946లో వెస్పా చేసినారు. వారి భాషలో ఆ మాటకు కందిరీగ అని అర్థం. దానికి రూపమిచ్చిన దస్కానియో విమానాల ఇంజనీరు. మన దేశంలో బజాజువారు 1960నుంచి దానిని చేసి, 1972లో రాణా ప్రతాపుని గుర్రం పేరుతో చేతక్ తెచ్చినారు. 1973లో నేను స్కూటరుకు డబ్బు కట్టినాను, 1981లో బండి వచ్చినది. ఆ ఎనిమిదేళ్ళలో ఇద్దరు పిల్లలు పుట్టి బడికి పోసాగినారు. ఉదయం బండిని ఎడమవైపు వంచి, నిలబెట్టి, కిక్కు కొడితే గాని మేలుకొనేది కాదు. అయినా భార్యాబిడ్డలతో నలుగురం దాని మీదనే ఊరంతా తిరిగినాము. ఈ కాలపు పోలీసువారు చూస్తే ఏమందురో!

నా మాటకు వస్తే, మా ఇంటి చరిత్రలో చేతక్ కంటె పెద్దది హోసూరు బండి. తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినవచ్చే ఆ ఊరిలో 1980లో టి.వి.ఎస్. 50 తయారైనది. పెడళ్ళున్న చిన్న బండే గాని ఇద్దరు కూర్చోవచ్చును. పాలవాళ్ళు, రైతులు దాని మీద మోయని బరువు లేదు. మా ఆవిడ పన్నెండేళ్ళు నా వెనుక ఒక ప్రక్కకు కూర్చుండి ప్రయాణం చేసినది. ఒకనాడు, "మీరు ఓవర్‌టైము చేసిననాడు నేను బడికి ఆలస్యమవుతున్నాను, నాకొక బండి కావాలి" అన్నది. చీరకట్టుతో బండి నడపడమేమిటని మా సంఘంలోనే పెద్దలు కొందరు ముక్కున వేలు వేసుకున్నారు. ఆ పెద్దలలో నేనూ ఒకడిని. ఆ మాట ఈ సంచికలో ఒప్పుకోవడం న్యాయం. పది దినములు మైదానంలో దాని వెంట పరుగెత్తినవాడినీ నేనే. పదకొండవనాడు ఆమె నన్ను వెనుక కూర్చోమన్నది. ఆమె పదవీవిరమణదాకా ఆ బండి మీదనే పోయి పిల్లలకు పాఠం చెప్పి వచ్చినది. ఒక్కసారి కూడా పడలేదు. నేను నాలుగుమార్లు పడినాను.

డెబ్బది అయిదవ యేట కొడుకులు నా స్కూటరు తాళంచెవి దాచినారు. కొన్నాళ్ళు అలిగినాను, ఈసారి పానుపు లేకుండానే. పోయిన సంక్రాంతికి మదనపల్లెలోని పాత ఇల్లు ఖాళీ చేస్తూ నాయనగారి ర్యాలీని లారీలో తెప్పించినాను. తోలు సీటు ఎలుకలు కొట్టినవి, బెల్లు మాత్రం మోగుతున్నది. 28 అంగుళాల టైరు రెండు అంగళ్ళలో లేదన్నారు. మూడవ అంగడివాడు అటకమీదినుంచి జత తీసి, "ఎవరు తొక్కుతారు తాతా?" అని అడిగినాడు. మనుమడు బిగించి పెట్టినాడు. గాలి నేనే కొట్టినాను.