బడి పిల్లలకు డ్రగ్ టెస్టులు: ఉత్తరం రాసేముందు కొంచెం చరిత్ర



ఈ మధ్య మన జేకేపూర్‌లో నలుగురు తల్లిదండ్రులు కలిసిన చోటల్లా ఒకటే మాట. గంజాయి మన పక్కనుంచే పోతోంది, హైస్కూలు పిల్లలకు చెప్పాపెట్టకుండా మూత్రపరీక్షలు చేయించాలి, సంఘం తరఫున బడులకు ఉత్తరం రాయాలి అని. ఆ భయం నాకూ ఉంది. అయితే ఈ పరీక్షలు ఎక్కడ పుట్టాయో, పెట్టినచోట ఏం జరిగిందో చూడకుండా సంతకం పెట్టడం ఇష్టంలేక ఇది రాస్తున్నాను. పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మొదట ఇది సైన్యంలో వచ్చింది. 1971 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్, వియత్నాం నుంచి ఇంటికి తిరిగొచ్చే సైనికులకు మూత్రపరీక్ష పెట్టించాడు. హెరాయిన్ లేదని తేలితేనే విమానం. 1986లో రీగన్ దాన్ని కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు తెచ్చాడు. ఇంకో మూడేళ్లకు బడి గుమ్మం తొక్కింది.

ఆ బడి ఒరెగాన్ రాష్ట్రంలోని వెర్నోనియా అనే చిన్న ఊళ్లో ఉంది. అడవిలో చెట్లు కొట్టి కలప అమ్ముకుని బతికే ఊరు. 1962లో మొదలైన కాగితం మిల్లు చుట్టూ అల్లుకున్న మన ఊరివాళ్లకు ఆ ఊరు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పిల్లలు చెడిపోతున్నారని అక్కడి బడి 1989లో ఆటలాడే పిల్లలందరికీ పరీక్ష పెట్టింది. సీజన్ మొదట్లో అందరికీ, ఆ తర్వాత వారం వారం లాటరీలో తీసిన పదిశాతం మందికి. మగపిల్లలు మూత్రం పడుతుంటే వెనక కొన్ని అడుగుల దూరంలో ఒక పెద్దమనిషి నిలబడేవాడు. ఆడపిల్లలు తలుపు వేసుకుంటే బయట ఒకావిడ చెవి పెట్టి వినేది. 1991లో జేమ్స్ యాక్టన్ అనే ఏడో తరగతి కుర్రాడు ఫుట్‌బాల్ ఆడతానన్నాడు. మా అబ్బాయి మీద ఏ అనుమానమూ లేనప్పుడు పరీక్ష ఎందుకని వాడి అమ్మానాన్నలు సంతకం పెట్టలేదు. బడి వాణ్ని ఆడనివ్వలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1995లో 6–3 తేడాతో బడే గెలిచింది. 2002లో ఓక్లహోమా రాష్ట్రం టెకమ్సే ఊరి కేసులో, ఆటలే కాదు, పాటల బృందంలో చేరే పిల్లలకు కూడా పరీక్ష పెట్టొచ్చని 5–4తో తేల్చారు.

ఒక సంగతి గమనించాలి. వెర్నోనియాలో పరీక్ష ఫలితం పోలీసులకు ఇవ్వలేదు. దొరికితే రెండోసారి పరీక్ష, ఆపైన తల్లిదండ్రులను పిలిచి మాట్లాడటం, ఆరు వారాల కౌన్సెలింగ్ లేదా ఆటకు దూరం. అంతే.

మరి ఫలితం? 2003లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు దాదాపు 76,000 మంది విద్యార్థుల లెక్కలు చూశారు. పరీక్షలున్న బడుల్లో పన్నెండో తరగతి పిల్లల్లో 37 శాతం, లేని బడుల్లో 36 శాతం గంజాయి తాగినవాళ్లే. 2010లో అమెరికా విద్యాశాఖ 36 హైస్కూళ్లలో చేయించిన అధ్యయనం కాస్త ఆశ చూపింది: పరీక్ష కిందికి వచ్చే పిల్లల్లో గత నెలలో వాడామన్నవారు 16 శాతం, పరీక్షలేని బడుల్లోని అలాంటి పిల్లల్లో 22 శాతం. కానీ ఇకముందు వాడతామా లేదా అన్న ఆలోచనలో తేడా లేదు. మిగతా పిల్లల మీద ప్రభావమూ కనబడలేదు. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం ఈ పద్ధతిని సమర్థించలేదు. ఉపయోగం సున్నా అని నేననను, మనవాళ్లు అనుకునేంత లేదంటాను.

ఇక పరీక్ష సంగతి. గంజాయి ఆనవాలు మూత్రంలో రోజుల తరబడి, అలవాటున్నవాళ్లలో వారాల తరబడి ఉంటుంది. మద్యం గంటల్లో పోతుంది. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్ పీల్చే పిల్లవాణ్ని మామూలు కిట్టు పట్టుకోదు. అసలు మన దేశంలో భయపడాల్సింది అక్కడే. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ, ఎయిమ్స్ బయటపెట్టిన సర్వేలో పెద్దవాళ్లకంటే పిల్లలు ఎక్కువగా వాడుతున్న మత్తు ఇలా పీల్చేదొక్కటే: పిల్లల్లో 1.17 శాతం, పెద్దల్లో 0.58. ఆ పిల్లవాడు పాసైపోతాడు. ముందురోజు గసగసాల మసాలా కూర తిన్నవాడు దొరికిపోవచ్చు! నవ్వులాట కాదు. గసగసాల వల్ల నల్లమందు వాడినట్టు చూపిస్తోందనే 1998లో అమెరికా ఉద్యోగుల పరీక్షల్లో హద్దును 300 నుంచి 2000 నానోగ్రాములకు పెంచారు. కిట్టు చెప్పినదాన్ని పెద్ద ల్యాబులో మళ్లీ చూపించుకోవాలి. అంతదాకా ఆ పిల్లవాడి పేరు ఊళ్లో ఆగుతుందా? కాలనీలో పొద్దున జరిగింది మిల్లు రెండో షిఫ్టుకల్లా అందరికీ తెలిసే ఊరు మనది.

మన ప్రాంతానికి గంజాయి కొత్తదేం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా కోరాపుట్ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. గంజాయి అప్పట్లో లైసెన్సు మీద అమ్మే సర్కారు ఆదాయపు సరుకు. 1893–94లో తెల్లదొరల కమిషన్ దేశమంతా విచారించి పూర్తిగా నిషేధించక్కర్లేదని రాసింది. ఎన్‌డీపీఎస్ చట్టం 1985లోగానీ రాలేదు. తర్వాత కొండల్లో దొంగ సాగు పెరిగింది. సరిహద్దు అవతల విశాఖ ఏజెన్సీలో ఆంధ్ర పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. సరుకు టన్నుల్లో కదిలే దారి పక్కన ఉన్న పిల్లవాడికి తాగే ప్రమాదం ఎంతో, సంచి మోయించే ప్రమాదమూ అంతే. మోసేవాడి మూత్రంలో ఏమీ ఉండదు.

2017లో హైదరాబాదులో స్కూలు పిల్లలకు కూడా ఎల్‌ఎస్‌డీ చేరిందని తెలంగాణ ఎక్సైజ్ శాఖ బయటపెట్టినప్పుడు దేశమంతా ఉలిక్కిపడింది. వారం తిరిగేసరికి టీవీలు సినిమావాళ్ల వెంటపడ్డాయి, పిల్లల ఊసు పోయింది.

చట్టంలో ఏముందో చెబుతాను. వాడటం కూడా ఎన్‌డీపీఎస్ 27వ సెక్షన్ కింద నేరమే. అంటే ఇక్కడ పరీక్షలో దొరికిన పిల్లవాడి కాగితం పోలీస్ స్టేషన్‌కు చేరితే అది వెర్నోనియా కథలా ముగియదు. అదే చట్టం 64ఏ సెక్షన్, అలవాటుపడి తనంతట తానే చికిత్సకు వచ్చినవాడికి రక్షణ ఇస్తుంది. పిల్లల చేత మత్తుమందు మోయించినా అమ్మించినా జువెనైల్ జస్టిస్ చట్టం 78వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష దాకా జరిమానా. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జిలు ఒక్కమాటగా చెప్పారు. బడి గేటు దగ్గర ఆ హక్కు ఆగిపోతుందని వాళ్లు చెప్పలేదు.

అందుకని ఉత్తరం రాద్దాం, లాటరీ పరీక్షలు మాత్రం అడగొద్దు. బడి చుట్టుపక్కల కొట్లలో సొల్యూషన్, వైట్‌నర్ పిల్లలకు ఎవరు అమ్ముతున్నారో చూడమందాం. వారానికో రోజైనా కౌన్సెలర్ వచ్చి కూర్చునే ఏర్పాటు అడుగుదాం. అనుమానం వచ్చిన పిల్లవాడి విషయం మొదట అమ్మానాన్నలకు, తర్వాత డాక్టరుకు చెప్పాలనీ, ఆ కాగితం మూడో మనిషి చేతికి పోకూడదనీ రాతపూర్వకంగా అడుగుదాం. కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయ నంబరు 14446ను తరగతి గోడ మీద రాయించమందాం. చిత్తుప్రతి నేను రాస్తాను. మార్పులుంటే కింద చెప్పండి, పరీక్షలు కావాల్సిందే అనేవాళ్లు కూడా.