కార్తెల్లో పుట్టిన మాటలు

ఐటీ కొలువులకు ముందు, బెంగళూరు తూర్పున ఉన్న కుందలహళ్ళి చెరువున్న పల్లె. మెట్రో 2023 మార్చిలో వచ్చింది. ఇక్కడి తెలుగువాళ్ళ నోట సామెతలు ఇంకా పలుకుతాయి గానీ, వాటి వెనక పొలం కనబడదు.

‘మఖలో పుట్టి పుబ్బలో మాడినట్టు’ అంటాం. రైతుకు ఏడాదంటే 27 కార్తెలు, ఒక్కోటి 13, 14 రోజులు. ఆగస్టు నడుమ వచ్చే మఖ నెలాఖరుకు పుబ్బకు దారిస్తుంది. అంటే అలా పుట్టి మాడినదాని బతుకు కొన్ని వారాలే! ఎంత చక్కని కొలత!

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్నదాన్ని కన్నడిగులు ‘గిడవాగి బగ్గద్దు మరవాగి బగ్గీతే’ అంటారు. సేద్యం ఒకటే, చూపూ ఒకటే.

కెప్టెన్ కార్ 1868లో మద్రాసులో తెలుగు సామెతలను అచ్చువేయించాడు. అచ్చులో మాట మిగిలింది; మనం పిల్లలకు సామెతతోపాటు దాని వెనకున్న కార్తె పేరూ చెబుదాం.