పులికాట్ ప్రాణం ముఖద్వారాల్లోనే

1613లో డచ్చివారు గెల్డ్రియా కోట కట్టింది పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే. పందొమ్మిదో శతాబ్దంలో బకింగ్‌హామ్ కాలువ ఇదే సరస్సు మీదుగా మద్రాసుకు పడవలు నడిపింది. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నాక సూళ్లూరుపేట నుంచి నీళ్లకు అడ్డంగా రోడ్డు పడింది. 1976లో ఆంధ్ర వైపు భాగాన్ని, 1980లో తమిళనాడు వైపు భాగాన్ని పక్షుల కోసం ప్రత్యేకించారు. హద్దులైతే గీశారు గానీ, ఈ సరస్సు బతుకు సముద్రంతో రాకపోకల మీదే ఆధారపడిందన్న సంగతికి తగిన ప్రాధాన్యం దక్కలేదు.

పిట్టల తిండి చూస్తే ఇది తెలుస్తుంది. ఫ్లెమింగోలు తల కిందికి వంచి లోతులేని నీళ్లలోని సూక్ష్మజీవుల్ని వడగట్టుకుంటాయి. పొట్టికాళ్ల ఉల్లంకి పిట్టలకు తడి బురదే కంచం. నేలపట్టు చెరువులో కడప చెట్లమీద గూళ్లు కట్టే గూడబాతులు పిల్లలకు చేపల కోసం పులికాట్‌కు వస్తాయి. గూడు ఒక అభయారణ్యంలో, తిండి మరో దాంట్లో. ఆ చేపపిల్లలూ రొయ్యపిల్లలూ సముద్రం నుంచి ముఖద్వారాల గుండా లోపలికి రావాలి. రాయదొరువు ముఖద్వారం లాంటిచోట్ల ఇసుక మేటవేస్తే ఆ రాక ఆగుతుంది. వేసవిలో నీరు ఇంకి ఉప్పు పెరిగి, బురద గట్టినేలవుతుంది.

ఇసుక మేటవేయడం ప్రకృతి సహజమే కదా, మనమెందుకు వేలుపెట్టాలి అనవచ్చు. నిజమే, పూర్వం వానాకాలపు వరదే ఆ మేటల్ని కోసేది. ఇప్పుడు ఎగువన చెరువులూ ఆనకట్టలూ నీటిని ఆపుతున్నాయి, రోడ్డు ప్రవాహానికి అడ్డుపడుతోంది. ప్రకృతి చేతులు కట్టింది మనమే, విప్పాల్సిందీ మనమే. లోతు పెరిగితే నీటి అంచున మేసే పిట్టలకు నష్టమన్న అభ్యంతరం ఇంకా బలమైనది. అందుకే పూడిక తీయాల్సింది ముఖద్వారంలోనే, సరస్సు అడుగంతా తవ్వకూడదు. జాలరుల వల్ల పక్షులకు ముప్పనే మాట మాత్రం సగమే నిజం. వలల రద్దీ పిట్టల్ని బెదరగొట్టవచ్చు. కానీ ముఖద్వారం మూసుకుపోతే ముందు పస్తులుండేది జాలరే, కాబట్టి పూడిక తీయమని అడిగే అతడు పిట్టల తరఫున కూడా అడుగుతున్నట్టే.

చలికాలంలో ఫ్లెమింగోల పండుగకు సూళ్లూరుపేట వెళ్లేవారు పిట్టల్ని లెక్కపెట్టి ఊరుకోకుండా, ఈ ఏడు ముఖద్వారాలు తెరుచుకున్నాయా అని అధికారుల్ని అడగాలి. పులికాట్ భవిష్యత్తు ఆ జవాబులోనే ఉంది.