పాయదాన్ కథ: నిజాం కారు నుంచి మన పికప్ దాకా



కొత్తగా పికప్ కొన్న మన కుర్రాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "బాబాయ్, ఏ ఫుట్‌బోర్డు వేయిస్తే మంచిది?" జవాబు రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. కానీ మనం ఫుట్‌బోర్డు అని, ఇక్కడి హిందీ, మరాఠీ వాళ్లు పాయదాన్ అని పిలిచే ఈ మెట్టుకు నూరేళ్లు దాటిన చరిత్ర ఉంది. అది తెలిస్తే ఏది కొనాలో, దాన్ని ఎలా వాడాలో మీకే అర్థమవుతుంది. కొంచెం పొడుగైనా ఓపికగా చదవండి.

మోటారు కార్లు రాకముందు గుర్రపు బగ్గీలకే ఇనుప మెట్టు ఉండేది. చక్రాలు పెద్దవి, కూర్చునే చోటు ఎత్తు, కాలు మోపడానికి ఏదో ఒకటి కావాలి. తొలి కార్లు కూడా బగ్గీ రూపంలోనే పుట్టాయి కాబట్టి మెట్టూ వాటితోనే వచ్చింది. ముందు చక్రం మడ్‌గార్డు నుంచి వెనక చక్రం మడ్‌గార్డు దాకా పొడవాటి పలకగా మారింది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ చూడండి. దాని పలక మీద కాలు పెట్టి ఎక్కడమే కాదు, పనిముట్ల పెట్టె, పెట్రోలు డబ్బా, సామాను కూడా కట్టుకునేవారు.

మన వైపు ఉదాహరణ కావాలంటే హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లండి. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన రోల్స్ రాయిస్ కారు అక్కడుంది. 1912 నాటిది, వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. నిజాం అంటే మనకు పరాయివాడు కాదు. మన రాజురా 1956 రాష్ట్రాల పునర్విభజన దాకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. 1929లో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక తెలుగువాళ్ల రాకపోకలు ఇంకా సులువయ్యాయి. 1932లో నిజాం ప్రభుత్వం 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. బస్సు వచ్చాక "ఫుట్‌బోర్డు" అనే మాట మన పల్లెల్లోనూ తెలుగు మాట అయిపోయింది.

మరి కార్లకు ఆ పలక ఎందుకు పోయింది? 1930ల్లో కారు ఎత్తు తగ్గింది, లోపల చోటు పెంచడానికి బాడీ బయటికి జరిగింది. పలక ఉండే జాగాను బాడీయే మింగేసింది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ లాంటి ఒకటి రెండు కార్లకే అది మిగిలింది. లారీలు, జీపులు, పికప్‌ల ఎత్తు మాత్రం తగ్గలేదు. గోతులు, బురద, బరువు ఉన్నచోట బండి ఎత్తుగా ఉండాల్సిందే. బొగ్గు గనుల దారులు, నల్లరేగడి పొలాలు ఉన్న మన జిల్లాలో మెట్టు అవసరం పోయే ప్రశ్నే లేదు.

ఇక చరిత్రలో చేదు భాగానికి వస్తాను. మెట్టు ఎక్కడానికి పుట్టింది. మనుషులు దాన్ని నిలబడే చోటు చేసుకున్నారు. కిక్కిరిసిన బస్సుకు వేలాడేవాళ్లు, "రానీ రానీ" అంటూ లారీ పక్కన వేలాడే క్లీనర్లు ఎంతమంది కిందపడ్డారో లెక్క లేదు. ఈ ప్రమాదం తెలిసే 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోనే ఫుట్‌బోర్డు మీద ప్రయాణాన్ని నిషేధించారు. ఇప్పుడు అమల్లో ఉన్న 1988 చట్టంలో అది 123వ సెక్షన్. నిలబడినవాడిదే కాదు, నిలబడనిచ్చిన డ్రైవరుదీ తప్పే.

ఇది మనకెందుకు అంటారా? ఫిబ్రవరి వస్తే మన చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల కూలీలు మిరప ఏరడానికి ఖమ్మం, వరంగల్ వైపు బయలుదేరతారు. మేడారం జాతర ఏడాది వస్తే ఇంటిల్లిపాదీ కదులుతారు. పికప్‌లో జనం, మూటలు, పక్కన మెట్టు మీద ఇద్దరు కుర్రాళ్లు. ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. సరుకు బండిలో ఊరికే ఎక్కించుకున్నవాళ్లకు బీమా కంపెనీ పరిహారం కట్టనక్కర్లేదని సుప్రీంకోర్టు 2002లో ఆశా రాణి కేసులో తేల్చింది. ప్రాణం పోయిన ఇంటికి డబ్బూ రాదు, బండి యజమాని ఇల్లూ మునుగుతుంది.

ఇప్పుడు కొనడం సంగతి.

మొదట చూడాల్సింది పలక కాదు, దాన్ని మోసే బ్రాకెట్లు. అవి ఛాసిస్‌కు బిగించాలి. తలుపు కింది పల్చటి రేకుకు బిగిస్తే నాలుగు నెలల్లో రేకు చిరుగుతుంది. రెండు బ్రాకెట్ల కన్నా మూడు మేలు. లావుపాటి మనిషి ఒక అంచున నిలబడి చూస్తే పలక ఊగకూడదు.

లోహం విషయానికొస్తే, మామూలు ఇనుముకు నల్ల పౌడర్ కోటింగ్ వేసినవి చవక. రాయి తగిలి కోటింగ్ లేచిన చోట తుప్పు మొదలై లోలోపల పాకుతుంది. మన బొగ్గు దుమ్ము తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి తుప్పుకు ఇంకా తొందర. కరిగించిన జింకులో ముంచి తీసిన గాల్వనైజ్డ్ ఇనుము నయం. 1837లో ఫ్రాన్సులో సోరెల్ పేటెంటు తీసుకున్న పద్ధతి అది, ఈనాటికీ దానికి తిరుగులేదు. స్టెయిన్‌లెస్ స్టీలైతే 304 రకం అడగండి. అయస్కాంతం అంటుకోలేదని నమ్మేయకండి, చవకైన 202 రకానికీ అది సాధారణంగా అంటుకోదు. బిల్లు మీద రకం రాయించుకోండి. అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు. కానీ ఇనుప బోల్టు నేరుగా దాన్ని తాకితే వానాకాలంలో ఆ చోట తినేస్తుంది, మధ్యలో రబ్బరు లేదా నైలాన్ వాషరు పెట్టించండి.

మూడోది పై భాగం. నల్లరేగడి బురద గీతల్లో ఇరుక్కుంటే ఎంత మంచి పట్టు పలకైనా సబ్బులా జారుతుంది. బురద కిందికి రాలిపోయేలా రంధ్రాలు, వాటికి గరుకు అంచులు ఉన్నది తీసుకోండి. మెరిసే గుండ్రటి పైపు చూడ్డానికి అందం, వానలో చెప్పు జారడానికి అంతకన్నా అనువు. వెడల్పు పాదంలో సగానికి మించి ఆనేంత ఉండాలి. టైర్ల వరస దాటి బయటికి పొడుచుకు రాకూడదు, జాకీ పెట్టే చోటుకు అడ్డం రాకూడదు. మెట్టు మరీ కిందికి ఉంటే గోతిలో తగులుతుంది. మరీ పైన ఉంటే చీర కట్టుకున్న మన అమ్మలకు, మోకాళ్ల నొప్పుల పెద్దలకు పనికిరాదు. అందుకే కొనే ముందు ఇంట్లో పెద్దావిడను ఒకసారి ఎక్కి దిగమనండి. అంతకన్నా మంచి పరీక్ష లేదు.

తయారీదారు ఇచ్చిన స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. కాబట్టి కంపెనీ ఆ మోడల్‌కు ఆమోదించిన మెట్టే తీసుకోండి, అనుమానముంటే ఆర్టీవో ఆఫీసులో అడగండి. బిగించాక మొదటి వెయ్యి కిలోమీటర్లకు, తర్వాత ప్రతి సర్వీసుకూ బోల్టులు సరిచూడండి.

సంఘం తరఫున ఒక్క మనవి. పికప్ ఉన్న ప్రతి సభ్యుడూ తలుపు మీద "మెట్టు ఎక్కడానికే, నిలబడడానికి కాదు" అని తెలుగులో, మరాఠీలో రాయించండి. మిరప పనులకు బండ్లు కదిలేలోపు ఈ పని అయిపోవాలి. మీకు తెలిసిన డ్రైవర్లందరికీ ఇది పంపండి, మీ అనుభవాలు కింద రాయండి.