మేడ మెట్ల నుంచి మంచు రైలు దాకా

కథంతా ఒక కొత్త మేడలో జరుగుతుంది. ఇంటాయన బట్టల మిల్లులో పనిచేసే ఆడపిల్లలకు సంగీతం నేర్పే మాస్టారు. ఇల్లాలు కుట్టుమిషను తొక్కి తొక్కి కూడబెట్టిన డబ్బుతో లేచిన ఇల్లది. ఆమెకు ఓపిక చాలక పనిపిల్లను పెట్టుకుంటారు. వంటింట్లో ఎలుకల మందు సీసా ఉంటుంది. ఇక అక్కణ్ణుంచి ఆ మెట్ల మీద ఎవరు గ్లాసు పట్టుకుని కనిపించినా మన గుండె దడదడలాడుతుంది. 1960లో కిమ్ కి-యంగ్ తీసిన ‘హన్యో’ ఇది. ఆ మాటకు పనిమనిషి అని అర్థం.

ఆ ఏడాది ఏప్రిల్‌లో విద్యార్థులు రోడ్డెక్కి దక్షిణ కొరియాలో సింగ్‌మన్ రీ ప్రభుత్వాన్ని దించేశారు. మరుసటి మే నెలలో సైన్యం గద్దెనెక్కింది. ఈ రెంటి నడుమ వీచిన కాస్త గాలిలో పుట్టిన సినిమా ఇది. తర్వాత దశాబ్దాల పాటు సెన్సారు కత్తెర కొరియా దర్శకుల మెడమీదే ఉంది. దంతవైద్యం చదివిన కిమ్ మాత్రం దంతవైద్యురాలైన భార్య సంపాదన అండతో తనకు తోచిన వింత సినిమాలు తీస్తూనే పోయాడు.

‘హన్యో’ బతికి బట్టకట్టడం మరో కథ. అసలు నెగటివ్‌లో రెండు రీళ్లు పోయాయి. 1990లో ఒక పాత ప్రింటు దొరికింది గానీ, దాని బొమ్మల మీద ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు చేత్తో రాసి ఉన్నాయి. ఆ రెండు రీళ్లలోని అక్షరాలను ఒక్కో ఫ్రేములోంచి కంప్యూటర్ సాయంతో చెరిపి, కింద దాక్కున్న బొమ్మను బయటికి తీశారు. మార్టిన్ స్కోర్సెసీ సంస్థ చేయూతతో కొరియా ఫిల్మ్ ఆర్కైవ్ 2008కి ఆ పని ముగించింది. చూడటానికి కిమ్ లేడు. 1997లో బూసాన్ చిత్రోత్సవం ఆయన సినిమాలు వెతికి తెచ్చి, కొత్త తరానికి చూపించి నెత్తిన పెట్టుకుంది. కొద్ది నెలలకే, 1998 ఫిబ్రవరిలో, ఇంట్లో మంటలు చెలరేగి భార్యాభర్తలిద్దరూ చనిపోయారు. బెర్లిన్ చిత్రోత్సవంలో ఆయన సినిమాల ప్రదర్శనకు సిద్ధమవుతున్న రోజులవి. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

అయితే ఆయన మేడ కూలలేదు. 1996లో రాజ్యాంగ న్యాయస్థానం సినిమాల ముందస్తు సెన్సారు చెల్లదని తీర్పిచ్చింది. సంకెళ్లు తెగిన ఆ కాలంలో ఎదిగిన దర్శకుల్లో పార్క్ చాన్-వుక్, బాంగ్ జూన్-హో ఇద్దరూ కిమ్‌ను గురువుగా తలచేవాళ్లే. ఒకరు తత్వశాస్త్రం చదివారు, మరొకరు సమాజశాస్త్రం. మనుషుల్ని ఒకచోట మూసిపెట్టి, ఎవరు పైన, ఎవరు కింద అని ఆరా తీసే చూపు ఇద్దరికీ ఆ మేడ మెట్ల నుంచే వచ్చిందని నా నమ్మకం.

దారి మాత్రం సాఫీగా సాగలేదు. 2002, 2003లలో కొరియా నిర్మాతలు భవిష్యత్తు కథల మీద డబ్బు కుమ్మరించారు. ‘రిసరెక్షన్ ఆఫ్ ది లిటిల్ మ్యాచ్ గర్ల్’, ‘నేచురల్ సిటీ’, బొమ్మల సినిమా ‘వండర్‌ఫుల్ డేస్’ వరసగా బోల్తా పడ్డాయి. నగరాలు కళ్లు చెదిరేలా కట్టారు గానీ వాటిలో కాపురముండే మనుషుల్ని పట్టించుకోలేదు. జాంగ్ జూన్-హ్వాన్ తీసిన ‘సేవ్ ది గ్రీన్ ప్లానెట్’ సంగతి వేరు. ఒక కంపెనీ పెద్దను గ్రహాంతరవాసిగా నమ్మి, పట్టుకొచ్చి నేలమాళిగలో కట్టేసిన కుర్రాడి కథ అది. ఎంతో వేదన ఉన్న సినిమా. నవ్వుల సినిమాలా ప్రచారం చేస్తే జనం రాలేదు. ఇరవై రెండేళ్ల తర్వాత, 2025లో, యోర్గోస్ లాంథిమోస్ దాన్నే ‘బుగోనియా’గా మళ్లీ తీశాడు.

2013లో బాంగ్ తీసిన ‘స్నోపియర్సర్’తో ఆ దెబ్బలకు మందు దొరికింది. మూలం ఫ్రెంచి బొమ్మల నవల, నిర్మాతల్లో ఒకరు పార్క్. భూమి వేడిని తగ్గించబోయి మనుషులు లోకాన్నే గడ్డకట్టిస్తారు. మిగిలిన కొద్దిమంది ఆగకుండా తిరిగే ఒక రైల్లో ఉంటారు. తోక బోగీల్లో వాళ్లకు పురుగులతో చేసిన నల్లటి ముద్దలే తిండి, ముందు బోగీల్లో సుషీ. ప్రాగ్‌లోని స్టూడియోలో బోగీల సెట్లను ఊగే యంత్రం మీద నిలిపి తీశారు. పక్కకు తిప్పిన మేడే ఈ రైలు. తోక బోగీల వాళ్లు తిరగబడతారు. వాళ్ల నాయకుడు ఇంజిను దాకా వెళ్లాలంటాడు. తలుపుల తాళాలు తయారుచేసిన నామ్‌గుంగ్ మిన్-సూ చూపు మాత్రం పక్కగోడ మీద. అందరూ గోడనుకుంటున్నది నిజానికి బయటికి పోయే తలుపని గుర్తుంచుకున్నది అతనొక్కడే. సినిమా మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఊహ అది.

ఆ పాత్ర వేసిన సాంగ్ కాంగ్-హోనే 2009లో వచ్చిన పార్క్ సినిమా ‘బాక్‌జ్వి’లో ఫాదరీ. గబ్బిలం అని ఆ పేరుకు అర్థం, బయటి దేశాల్లో ‘థర్స్ట్’. రోగులను కాపాడాలని టీకా ప్రయోగానికి ఒళ్లు అప్పగించిన ఫాదరీ, ఎక్కించిన రక్తం వల్ల రక్తపిశాచిగా లేస్తాడు. చంపడానికి మనసొప్పదు. స్పృహలేని రోగి మంచం పక్కన నేలమీద పడుకుని గొట్టంలోంచి రక్తం తాగుతాడు. తర్వాతి కథకు ఎమిల్ జోలా 1867 నాటి నవల ‘తెరేజ్ రాకాన్’ ఆధారం. చిన్ననాటి మిత్రుడి భార్య తే-జూతో ప్రేమ, మిత్రుడి హత్య. కాన్ చిత్రోత్సవంలో దీనికి జ్యూరీ బహుమతి వచ్చింది.

ఇక్కడా ఒక ఇల్లే. కింద హన్‌బోక్ అనే సంప్రదాయ దుస్తుల దుకాణం, పైన కాపురం. జపాన్ తరహా కట్టడంలో చైనా మాజాంగ్ ఆట, రష్యా వోడ్కా. కొరియా మీదుగా ఎవరెవరు నడిచి వెళ్లారో ఒక్క గది చెప్పేస్తుంది. కళా దర్శకురాలు ర్యూ సంగ్-హీ. ‘ఓల్డ్‌బాయ్’, ‘ది హోస్ట్’ కూడా ఆమె చేతి పనే. రక్తం రుచి తెలిశాక తే-జూ ఆ మసక గదులకు తెల్లరంగు పూయించి, రాత్రిని పగలు చేసుకుంటుంది. పక్షవాతంతో మాట పోయిన అత్త కళ్లతోనే అంతా చూస్తుంటుంది.

మొదట్లో తే-జూ రాత్రిళ్లు చెప్పుల్లేకుండా వీధుల్లో పరుగెత్తేది. ఒక రాత్రి ఫాదరీ ఆమెను ఎత్తి, తన బూట్లలో నిలబెడతాడు. చివర్లో చెట్టు నీడైనా లేని సముద్రపు గట్టుకు ఆమెను కారులో తీసుకొస్తాడు. సూర్యుడు రాబోతున్నాడు. ఆమె గింజుకుంటుంది, కారు కింద దూరుతుంది, ఆఖరికి ఆ పాత బూట్లు తొడుక్కుని అతని పక్కన కూర్చుంటుంది. కారు వెనక సీట్లోంచి అత్త చూస్తూనే ఉంటుంది. ఒళ్లు బొగ్గై రాలుతుంది. బూట్లు జారి నేలమీద పడతాయి.